లేని అక్క కూతురు

గోడమీది జిరాఫీ మెడ పొడవునా గీతలు, గీతల పక్కన అంకెలు. కూతురు చెప్పులు విడిచి, దానికి వీపు ఆనించి, బుద్ధిగా నిలబడింది. జిరాఫీ కొమ్ములు రెండూ పిల్ల నడినెత్తి వెనక మునిగిపోయాయి. పైన ఉత్త గోడ తప్ప ఏమీ మిగల్లేదు. "అమ్మా, దీన్ని దాటేశాను. ఇంక నన్ను దేంతో కొలుస్తారు వీళ్ళు?" అంది. "కరెంటు స్తంభంతో" అంది తల్లి, నవ్వింది కూడా, అయితే ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది, లోపలికి దిగలేదు. లోపల, గుండెకూ కడుపుకూ నడుమ ఎక్కడో, పిండకుండా వదిలేసిన తడిగుడ్డ ఒకటి పొద్దుటి నుంచీ బరువుగా వేలాడుతోంది. కిటికీ అద్దాలమీద సన్నని వాన. పిల్లల డాక్టరు దగ్గర వంతుకోసం కూర్చునే గది అది. మధ్యాహ్నం వేళ కావడంతో పలచగా ఉంది: పసివాణ్ణి ఒళ్ళో వేసుకుని తానే కునికిపాట్లు పడుతున్న ఒక పడుచు తల్లి, మనవడు దగ్గినప్పుడల్లా వాడి వీపు నిమిరి తానూ ఒకసారి దగ్గే తాతగారు, బల్లవెనక పేర్లు పిలిచే అమ్మాయి, అంతే. వానచప్పుడు, దగ్గు, బల్లమీద గాజుల రాపిడి, అన్నిటినీ ఎవరో దూదిలో చుట్టి దూరంగా పెట్టినట్లుంది. ఆమె ఇక్కడికి రావలసింది ఇది మూడోసారి. మొదటిసారి పిల్లకు జలుబని ఫోన్ చేసి మానుకుంది. రెండోసారి చుట్టాలొస్తున్నారంది, ఏ చుట్టాలూ రాలేదు. ఈసారి కూడా లేచి వెళ్ళిపోతే మళ్ళీ ఈ గడప తొక్కననీ, పిల్లకు ఆ టీకా ఇంక వేయించననీ ఆమెకు తెలుసు.

టీకా గురించి ఆమెకు తెలియనిది లేదు, చిక్కల్లా అక్కడే. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్ ఒకటుందనీ, అది ఒంట్లోకి వచ్చే అవకాశం కలగకముందే, పిల్లలు పెద్దవాళ్ళు కాబోయే ఈ వయసులోనే, టీకా వేస్తే బాగా పనిచేస్తుందనీ ఆమె ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేదు. ఎన్నో గొంతులతో, ఎన్నో రకాల తడబాట్లతో విన్నది కనుక, చెప్పే డాక్టరు మధ్యలో మరిచిపోతే తెరచాటునుంచి మాట అందించే మనిషిలా అందించగలదు. ఎందుకంటే వినడమే ఆమె ఉద్యోగం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, విని నమ్మకపోవడం ఆమె ఉద్యోగం.

ఒకప్పుడు నాటకాల్లో వేసేది. నాటకాలు తగ్గి, చూసేవాళ్ళకంటే ఆడేవాళ్ళు ఎక్కువైన రోజుల్లో, ఎవరో చెబితే డాక్టర్ల శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. మేడమీద పొడుగాటి గది, గుండ్రంగా కుర్చీలు, నడుమ ఎదురెదురుగా రెండు. ఒకదాంట్లో ఆమె కూర్చుని అమ్మ అవుతుంది. రెండోదాంట్లోకి ఒక్కొక్క డాక్టరూ, ఒక్కొక్క నర్సూ వచ్చి, పిల్లకు టీకా వేయించడానికి జంకుతున్న ఆ అమ్మతో ఎలా మాట్లాడాలో నేర్చుకుంటారు. నేర్పేది ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్ద డాక్టరు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక బల్లగంట ఉండేది, అందుకని అందరికీ గంట మాస్టారు. మొదటిరోజే ఆమెతో అన్నాడు: "చూడమ్మా, గంట కొట్టేవరకూ నువ్వు అమ్మవి. కొట్టాక కాదు. నడుమ ఇంకే వేషమూ లేదు." ఆమెకు ఆ షరతు నచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ అది చెవినుంచి ఒంట్లోకి దిగిపోయింది. ఎంత వెక్కి వెక్కి ఏడుస్తున్నా గంట టంగుమనగానే భుజాలు వాటంతటవే జారేవి, ఊపిరి వదులయ్యేది, కన్నీళ్ళు ఎవరో కుళాయి కట్టేసినట్లు ఆగేవి; ముఖం తుడుచుకుని, "టీ వచ్చిందా?" అని అడిగేది. కొత్త డాక్టర్లు హడలిపోయేవాళ్ళు.

మాస్టారు చెప్పేవి కొద్ది మాటలే. ముందు సూటిగా చెప్పండి, ఇవాళ ఈ టీకా వేసేద్దాం అనండి, వేయించుకుంటారా లేదా అని బేరం పెట్టకండి. వాళ్ళు జంకితే మీరు నోరు మూసుకుని, ఏం భయమో అడగండి. జవాబు వినండి, వినడమంటే మీ వంతు కోసం కాచుకోవడం కాదు. చెప్పమంటారా అని అడిగి, ఆ తర్వాత చెప్పండి. ఇంత తేలికైన సంగతి ఎంతటి చదువరులకూ కొరుకుడు పడేది కాదు. ఎదురుగా ఒక తల్లి భయపడుతూ కూర్చుంటే వాళ్ళ ప్రాణం అంకెలకోసం కొట్టుకునేది. లక్షకు ఇంతమంది, ఇన్ని దేశాల్లో, ఇన్నేళ్ళుగా. ఆ అంకెలన్నీ నిజాలే. ఆమె వాటిని ఇంటికొచ్చి సరిచూసుకుంది కూడా. పుస్తకం పట్టకుండా దేన్నీ ఒప్పుకునే మనిషి కాదు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆ అంకెలు అద్దంమీది వానచినుకుల్లా జారిపోయేవి. ఆమె చేత్తో తుడిచేదే కాదు.

ఇప్పుడు నిజం చినుకులు జారుతున్నాయి. అద్దం అవతల వీధి కరిగిపోయి, గొడుగులు రంగు మరకలై నడుస్తున్నాయి. కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె అటు చూడకూడదనుకుంటోంది, చూస్తోంది.

ఆ పిల్ల అక్కడే కూర్చుంటుంది. ఏ గదికి వెళ్ళినా కిటికీ పక్కనే. గౌను అంచున ఊడిన దారం ఒకటి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. ఒక జడకు నీలం రిబ్బను ఉంటుంది, రెండో జడది జారిపోయి ఉంటుంది. ఎవరైనా పిలిస్తే తల తిప్పుతుంది కానీ చూపు తిప్పదు. ఆమెకు అది తన అక్క కూతురు. అదే వయసులో అదే టీకా వేయించారు. వేయించిన గదిలోనే కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. ఆ తర్వాత మనిషి మనిషిగా లేదు. ఆమెకు అక్క లేదు. తోబుట్టువులే లేరు. ఆ పిల్లను ఆమె శిక్షణ గదిలో, మాస్టారు కళ్ళముందే, ఊరికే గాల్లోంచి పుట్టించింది.

మొదట్లో అదొక్క ముక్కే. "మా అక్క కూతురికి ఇలాగే వేయించి..." అని ఆగిపోయేది, అంతే, ఎదుటి డాక్టరు ముఖం పాలిపోయేది. మాస్టారు మెచ్చుకున్నాడు. "బాగుంది. వివరం ఒక్కటి వెయ్యి, నమ్మేస్తారు" అన్నాడు. రిబ్బను వేసింది. బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఎవరిదో జడ అది, చూసి ఉంచుకుంది. దారం తనదే, చిన్నప్పుడు తనకూ ఆ అలవాటుండేది. కిటికీ ఎక్కడిదో గుర్తులేదు. అబద్ధానికి అంకెలు అక్కర్లేదు, ఒక రిబ్బను చాలని అప్పుడామెకు తెలిసింది. తెలిసి, ఒక ఇంద్రజాలికుడి గర్వం లాంటిది కూడా కలిగింది. ఇంద్రజాలికుడు తన టోపీలోంచి తీసిన కుందేలుకు తానే దడుచుకుంటాడని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

అక్క సంగతి అంతకంటే పాతది. ఒక్కతే పిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులు తప్ప ఇంకో గొంతు లేదు. తలుపు తెరవెనక అక్క ఉండేది. అన్నం దగ్గర అక్కకోసం పక్కన చోటు ఉంచమని మారాం చేసేది. "ఏదే మీ అక్క, చెయ్యి కడుక్కుందా?" అని నాన్న తెరవైపు చూసి అడిగేవాడు, అమ్మ మాత్రం "మీరొకరు, దానికి తోడు" అని విసుక్కునేది. బడికి వెళ్ళడం మొదలయ్యాక అక్క ఎప్పుడు వెళ్ళిపోయిందో, వెళ్ళిపోతున్నానని చెప్పిందో లేదో. ఇన్నేళ్ళకు ఆ మేడమీది గదిలో నోరు తెరిస్తే అక్క ఆ నోట్లోంచే నడిచివచ్చింది, వట్టి చేతులతో రాలేదు, పిల్లను తీసుకొచ్చింది. తీసుకొచ్చి, ఈ చెల్లెలి దగ్గర వదిలేసింది. రక్తసంబంధం లేకపోయినా బాధ్యత ఉంటుంది కదా, ఆమె పిచ్చిగా అనుకుంటోంది, ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.

"అమ్మా, మళ్ళీ వెళ్ళిపోయావు" అంది కూతురు మోచేత్తో పొడిచి.

"ఎక్కడికే?"

"నీ క్లాసులోకి. పెదాలు కదులుతున్నాయి."

ఈ పిల్ల కళ్ళు కప్పడం బ్రహ్మతరం కాదు. ఇంట్లో అద్దం ముందు ఆమె సాధన చేస్తుంటే మంచంమీద బోర్లా పడుకుని మార్కులు వేసేది: కోపానికి ఏడు, గొంతు వణుకుకు ఎనిమిది. ఏడుపుకు మాత్రం ఎప్పుడూ ఐదుకు మించదు. "నువ్వు క్లాసులో ఏడిస్తే కళ్ళొక్కటే ఏడుస్తాయమ్మా. నిజంగా ఏడిస్తే నీ ముక్కు కారుతుంది. అమ్మమ్మ పోయినప్పుడు చూశాను కదా." తండ్రి పక్కగదిలోంచి పగలబడి నవ్వాడు. ఆయనకు లెక్క సూటిగా ఉంటుంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర, "రేపేనా టీకా?" అన్నాడు. "ఊఁ." "మళ్ళీ చుట్టాలొస్తున్నారా?" అన్నాడు. ఆమె గరిటె పళ్ళెంలో పెట్టి ఆయనవైపు చూసింది. "నీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు దీని గురించి? నీకు భయమేంటో చెబితే కదా" అన్నాడు ఆయన, ఈసారి నవ్వకుండా. చెప్పవచ్చు. ఏమని? లేని అక్కకు లేని కూతురుందనీ, దానికి రాని జబ్బు వచ్చిందనీ, దాన్ని చూసి తనకు రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదనీనా? తనలాంటి మనిషి, దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే సాక్ష్యం ఏదని అడిగే మనిషి.

భయానికి సాక్ష్యం అక్కర్లేదేమో. లేక భయమే తనకు తాను సాక్ష్యం చెప్పుకుంటుందేమో, అదే ఫిర్యాది, అదే న్యాయమూర్తి. ఆమె తనను తాను బోనెక్కించి అడిగిచూసింది కూడా. ఆ పిల్ల ఉందా? లేదు. ఆ జబ్బుకూ టీకాకూ సంబంధం ఉందని ఎక్కడైనా చదివావా? లేదు. మరి? మరి, కళ్ళు మూస్తే కిటికీ పక్కన కూర్చునుంది. కూతురు జిరాఫీమీది గీతలు దాటిన కొద్దీ, గౌన్లు పొట్టైన కొద్దీ, ఆ పిల్ల ముఖం కూతురి ముఖంలోకి కొద్దికొద్దిగా దిగుతోంది. నిరుడు ముక్కు కలిసింది. ఈ మధ్య గడ్డం.

దీనికంతటికీ మూలం ఒక ప్రశ్న. అది అడిగినామె మీద ఆమెకు కోపం లేదు, కోపమైతే తేలికగా ఉండేది. ఏళ్ళక్రితం ఒక సాయంత్రం, అప్పుడే చదువు ముగించి వచ్చిన ఒక సన్నపాటి డాక్టరమ్మ ఎదురుకుర్చీలో కూర్చుంది. మొదటి వాక్యమే రెండుసార్లు తడబడింది. ఆమె మామూలుగానే "మా అక్క కూతురికి ఇలాగే వేయించి..." అని, రిబ్బనుతో సహా కథంతా చెప్పి, గుడ్ల నీళ్ళు కుక్కుకుంది. మిగతా డాక్టర్లకు ఆ చోట అంకెలు తోసుకొచ్చేవి. ఈ అమ్మాయికి ఏమీ రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు గడియారం చూసుకున్నాడు. అప్పుడా అమ్మాయి ముందుకు వంగి, చాలా మెల్లిగా, "ఆ పాప ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగింది.

అలా ఎవరూ అడగలేదు. కథలో అంతవరకూ రాసిపెట్టుకోలేదు. ఒక క్షణం ఆమె నిజంగా తల తిప్పి వెతికింది, పాప ఎలా ఉందో చూసి చెబుదామని. ఆ క్షణంలోనే ఆ పిల్ల ఊపిరి పోసుకుంది. గంట మోగింది. భుజాలు జారాయి, కన్నీళ్ళు ఆగాయి, టీ వచ్చింది. ప్రశ్న మాత్రం గంట మాట వినలేదు, ఆమె వెంట మెట్లు దిగి, బస్సెక్కి ఇంటికి వచ్చింది. ఆ పాప ఇప్పుడెలా ఉంది? అన్నం తిందా? ఇవాళ ఎవరినైనా గుర్తుపట్టిందా? శిక్షణ మొత్తంలో అంతటి మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు, మాస్టారే ఒప్పుకున్నాడు. ఆ మంచితనమే అచ్చంగా ఒక పిల్లను కని ఆమె చేతుల్లో పెట్టింది.

పేరు పిలిచారు. తాతగారు కాళ్ళు దగ్గరకు తీసుకుని దారిచ్చారు. కూతురు ముందు, తాను వెనక. తలుపు దాకా నడిచే ఆ కాస్త దూరంలో నేల మెత్తగా కుంగుతున్నట్లు, నీళ్ళలో నడుస్తున్నట్లు ఉంది. ఇప్పటికీ వెనక్కి తిరగవచ్చు, ఫోన్ మోగిందనవచ్చు. తలుపు తెరుచుకుంది. డాక్టరు కుర్చీలో, ఎప్పుడూ చూసే డాక్టరుకు బదులు, ఇప్పుడంత సన్నగా లేని, కళ్ళకింద నిద్రచాలని నీడలున్న ఆ డాక్టరమ్మ. ఊళ్ళో పిల్లల డాక్టర్లలో సగంమంది ఆమె ముందు ఒకసారైనా తడబడినవాళ్ళే, ఎవరో ఒకరు తగులుతారని తెలుసు. ఈమె తగులుతుందని అనుకోలేదు.

డాక్టరమ్మ లేచి నిలబడింది. "మీరు... అమ్మ కదూ! మా క్లాసులో అమ్మ!"

"మా ఇంట్లో కూడా ఈవిడే అమ్మ" అంది కూతురు.

డాక్టరమ్మ నవ్వి, పిల్లను బల్ల పక్కన కూర్చోబెట్టి, బడి సంగతి అడిగింది, గొంతు చూసింది, తేలికగా వెనక్కి వాలి, "పాప బాగుంది. ఇవాళ ఆ టీకా వేసేద్దాం" అంది. సూటిగా, బేరం లేకుండా. తల్లి లోపల ఎవరో మెచ్చుకోలుగా తలూపారు: సరిగ్గా చెప్పింది, మాస్టారుంటే సంతోషించేవాడు. ఇక్కడ అమ్మ జంకాలి. ఇది అమ్మ వంతు. గొంతు దానంతటది తడి అయింది, వేళ్ళు చీర అంచు పట్టుకున్నాయి, ఏళ్ళ తరబడి అరిగిన దారిలో మాట దొర్లుకుంటూ వచ్చేసింది.

"మా అక్క కూతురికి ఇలాగే వేయించి..."

"నీకు అక్కెక్కడుందమ్మా?" అంది కూతురు.

తల్లి ముఖం జేవురించింది. ఒక నటి జీవితంలో ఇంతకంటే ఘోరమైన తప్పు లేదు. రంగస్థలం కానిచోట సంభాషణ చెప్పింది, అదీ తన కడుపున పుట్టినదాని ముందు. నవ్వేయవచ్చు, తమాషాకన్నాననవచ్చు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రోజులాగే ముందుకు వంగింది.

"ఆ పాప నాకు గుర్తుందండీ. నీలం రిబ్బను."

అంతే, ఆ రెండు మాటలకే కట్ట తెగింది. "లేదు డాక్టరుగారూ, అది లేదు, నాకు తెలుసు, నేనే అల్లాను. కానీ రోజూ కనిపిస్తుంది. ఇప్పుడు కూడా అక్కడ..." అని ఆమె చెయ్యి తలుపు అవతలికి చూపించింది. "దాని ముఖం దీనికి వస్తోంది. నాకు పిచ్చి పట్టలేదు కదా?"

"పిచ్చేం కాదు. మీరడిగితే చెబుతాను, నేను కూడా ఆ రాత్రి నిద్రపోలేదు. మీ కథ అబద్ధమని తెలిసి కూడా పుస్తకాలు తిరగేశాను." డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "ఆ రోజు మీరు జవాబు చెప్పలేదు, మాస్టారు గంట కొట్టేశారు. నేను చెప్పనా?"

చెప్పమంటారా అని అడిగి ఆ తర్వాత చెప్పండి. తల్లికి ఆ మెట్టు తెలుసు, ఆ తర్వాతి మెట్టూ తెలుసు. తెలిసినా కాలు దానిమీదే పడింది, పడినచోట గట్టి నేల తగిలింది. అడగడం నేర్చుకున్న పద్ధతే కావచ్చు. ఎదురుగా ఉన్న కళ్ళు మాత్రం జవాబుకోసం నిజంగానే ఆగి ఉన్నాయి. "చెప్పండి" అంది.

"ఈ వయసు పిల్లల్లో కొందరు సూది పొడిస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. ఏ టీకాకైనా పడతారు, రక్తం తీసినా పడతారు. భయానికి కాసేపు రక్తపోటు తగ్గుతుంది, అంతే. కుర్చీలో ఉంటే పక్కకు ఒరుగుతారు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తితే కాసేపట్లో లేస్తారు. మీ కథలో అంతవరకూ నిజమేనండీ." గొంతు తగ్గించింది. "కానీ ఆ కథలో ఆ పాపను ఎవరూ పడుకోబెట్టలేదు. ఇన్నేళ్ళూ కుర్చీలోనే కూర్చోబెట్టారు."

వాన చప్పుడు దగ్గరగా వచ్చింది.

"అసలేమీ జరగదని నేను చెప్పను. చెయ్యి నొప్పి పెడుతుంది, రేపు కాస్త జ్వరం రావచ్చు. ఎక్కడో చాలా అరుదుగా ఎలర్జీ వస్తుంది, దానికి మందు ఈ గదిలోనే ఉంది, అందుకే వేశాక పావుగంట ఇక్కడే ఉంచుతాం. ఇవన్నీ ఒక పక్క పెట్టి, ఆ క్యాన్సర్‌తో వచ్చేవాళ్ళను ఇంకో పక్క పెట్టి చూశాను. మా అమ్మాయికి వేయించాను. మీ అమ్మాయికీ వెయ్యమనే చెబుతాను."

"నన్నెవరైనా అడుగుతారా?" అంది కూతురు. ఇద్దరూ అటు తిరిగారు. పిల్ల డాక్టరమ్మను నిలదీసినట్లు చూసింది. "వేయించుకుంటే ఆ క్యాన్సర్ రాదా?"

"వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. పూర్తిగా పోదు. పెద్దయ్యాక పరీక్షలు చేయించుకోవాలి."

"సరే. ఎడమ చేతికి వెయ్యండి. కుడిచేత్తో బొమ్మలు వెయ్యాలి." తర్వాత తల్లివైపు తిరిగి, కొంచెం తగ్గి, "వేయించనా అమ్మా?"

ఇప్పుడు గంట లేదు. ఎవరూ కొట్టరు, ఎవరూ విడిపించరు. తల్లి కూతురి ముఖంలోకి చూసింది. ముక్కు ఉంది, గడ్డం ఉంది, దారం చుట్టుకునే వేలు లేదు, ఈ పిల్ల గోళ్ళు కొరుకుతుంది, ఆ తేడా ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదో. కథ అల్లిన మనిషికి కథను ఆపే హక్కు ఉంటుందా? ఆపకపోతే ఎంతవరకూ మొయ్యాలి? తడిగుడ్డను ఎవరో రెండు చేతులా పట్టి మెలిపెడుతున్నారు, నొప్పిగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి. "వేయించుకో" అంది. మాట గొంతులోంచి కాదు, ఇంకా కిందినుంచి వచ్చింది.

పక్కగదిలో తెల్లని మంచం, బల్లమీద సీసాలు, దూది, డాక్టరమ్మను పిలవడానికి ఒక గంట. లావుపాటి నర్సమ్మ పడుకోమంటే పిల్ల వినలేదు, "కూర్చునే వేయించుకుంటా, చూస్తా" అంది. "చూడు తల్లీ, సినిమా కాదులే" అంది నర్సమ్మ. సూది గుచ్చింది, తీసింది, దూది అద్దింది. "ఇంతేనా! దీనికా ఇంత నాటకం?" అని పిల్ల తల్లిని వెక్కిరించి, నర్సమ్మ ఆగమనేలోపే మంచం దిగి చెప్పులకోసం వంగింది. వంగి, నిటారుగా లేచి, "అమ్మా, గదేంటి ఇలా..." అంది. పెదవులు తెల్లబడ్డాయి. కట్టిన తాడు విప్పితే తీగ వాలినట్లు, తొందరేమీ లేకుండా, అందంగా, పక్కకు ఒరిగిపోయింది.

నర్సమ్మ ఒక చేత్తో పిల్లను పొదివి పట్టి మంచంమీదికి చేర్చింది, రెండో చేత్తో గంట కొట్టింది.

టంగుమంది. ఆమె ఒళ్ళు దానికి తెలిసిన పని మొదలుపెట్టింది. భుజాలు జారబోయాయి, ఊపిరి వదులు కాబోయింది, లోపల కుళాయిమీద ఎవరిదో చెయ్యి పడింది. గంట కొట్టాక అమ్మవి కాదు. గుండ్రంగా వేసిన కుర్చీలు, మేడమీది గది, మాస్టారి గడియారం, టీ వాసన, అన్నీ అలవాటుగా వచ్చి ఆమె చుట్టూ నిలబడి, ఇంక లే అంటున్నాయి. కాదు. ఆమె లేవలేదు. గంట మోగుతూనే ఉంది, గాల్లో సన్నని తీగలా సాగుతోంది, అది సాగినంత మేరా ఆమె అమ్మగానే ఉంది. అది ఆగిపోయాక కూడా అమ్మగానే ఉంది. వంగి పిల్ల కాళ్ళు రెండూ ఎత్తి తన గుండెకు ఆనించుకుంది. పాదాలు చల్లగా ఉన్నాయి, మడమకు దుమ్ము, వేలికి ఎక్కడో తగిలిన చిన్న దెబ్బ. ఆ చల్లదనం వెనక ఇంకో జత పాదాలు, ఎన్నో ఏళ్ళుగా కుర్చీలోంచి వేలాడుతూ నేల అందని పాదాలు, వాటిని కూడా ఆమె చేతులు ఎత్తి పట్టుకున్నాయి. రెండు జడలూ దిండుమీద పరుచుకున్నాయి. నీలం రిబ్బను ఊడిపోయింది. ఎవరైనా ఎప్పుడో చేయవలసిన పని ఇది, ఇంత చిన్న పని. పడుకోబెట్టడం. పడుకో తల్లీ. నీకు అక్కడ ఎంత వీపు నొప్పి పుట్టి ఉంటుంది.

రెప్పలు కదిలాయి. బుగ్గల్లోకి రంగు మెల్లగా, అడుగునుంచి పైకి వచ్చింది. కూతురు కళ్ళు తెరిచి పైకప్పును చూసింది, నర్సమ్మను చూసింది, తన కాళ్ళు పట్టుకుని నిలబడ్డ తల్లిని చాలాసేపు, పోల్చుకుంటున్నట్లు చూసింది.

"అమ్మా" అంది, నీరసంగా. "నీ ముక్కు కారుతోంది."

"కారనీ" అంది తల్లి.

గంట విని వచ్చిన డాక్టరమ్మ తలుపులోనే ఆగింది. పరుగున వచ్చినట్లుంది, ఆయాసపడుతోంది. మంచంవైపు చూసి, తల్లివైపు తిరిగి, ఆ పాత ప్రశ్నే అడుగుతున్నానని తనకు తెలియకుండా, "పాప ఎలా ఉందండీ?" అంది.

తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. తెరిచిన తలుపులోంచి అవతలి గది కనిపిస్తోంది. తాతగారు, జిరాఫీ, వాన వెలిసిన కిటికీ, దాని పక్కన కుర్చీ. కుర్చీలో ఎవరూ లేరు.

"లేచిందండీ" అంది.